పడుకుంటే గుండెదడ: థైరాయిడ్ రిపోర్టు దారి మళ్లించిన ఒక కేసు

తిరుపతిలో జనరల్ ఫిజీషియన్‌గా ప్రాక్టీసు చేస్తున్నాను. గుండెదడ అని వచ్చేవాళ్లు నా దగ్గర ఎప్పుడూ ఉంటారు. వాళ్లలో చాలామందికి దడ వచ్చేది మెట్లెక్కేటప్పుడు కాదు, పనులన్నీ ముగించుకుని పక్క మీద వాలాక. ఈ కేసులో అరుదైన జబ్బేమీ లేదు. రక్తహీనత, జుట్టు ఊడటం, థైరాయిడ్ పరీక్ష, ఈ మూడూ మనకు రోజూ తగిలేవే. ఆ మూడూ ఒకదానికొకటి చిక్కుపడి, ఒక మనిషి లేని జబ్బుకు నెలల తరబడి మందు మింగింది. ఉన్న జబ్బు ఆ మందువల్లే ముదిరింది. అందుకే రాస్తున్నాను.

పేషెంట్ అనుమతి తీసుకున్నాను. వయసు, వృత్తి, ఊరు, కుటుంబం వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను. పరీక్షల అంకెలూ, ఏ నిర్ణయం తర్వాత ఏ నిర్ణయం తీసుకున్నామన్న వరసా ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

నేపథ్యం

ఆమెకు ముప్పై అయిదు దాటాయి. ఇంట్లోనే మిషను పెట్టుకుని బ్లౌజులు కుడుతుంది. ఇద్దరు పిల్లలు, రెండో కాన్పుకే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయింది. బీపీ లేదు, షుగర్ లేదు. మా దగ్గరికి రావడానికి ఏడాది ముందు మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి దారిలో నడిచి కొండకు వెళ్లి తలనీలాలు ఇచ్చింది. అంతకుముందు ఏడాది అదే దారిలో, ఆ 3,550 మెట్లూ పెద్దగా ఆగకుండా ఎక్కిన మనిషి. ఈసారి గాలిగోపురం చేరేలోపే నాలుగైదు చోట్ల కూర్చోవాల్సి వచ్చింది. ఎండ ఎక్కువగా ఉండిందని అనుకున్నారు, అంతటితో మర్చిపోయారు.

మళ్లీ మొలిచిన జుట్టు పల్చగా వచ్చింది, దువ్వితే దువ్వెన నిండా ఊడింది. గుండు కొట్టించుకున్నందుకు జుట్టు పల్చబడదు. కత్తి చర్మం పైనున్న వెంట్రుకనే తీస్తుంది, కుదుళ్ల జోలికి పోదు. కారణం లోపల ఎక్కడో ఉంది. బంధువుల అమ్మాయి ఒకరు తాను వాడుతున్న జుట్టు బిళ్లలు ఈమెకూ ఇప్పించారు. ఆ బిళ్లల సంగతి తర్వాత చెబుతాను. ఎందుకంటే మాకూ అది చాలా తర్వాతే తెలిసింది.

ఆ తర్వాత రెండు నెలలకు దడ మొదలైంది. మొదట చూపించుకున్న చోట ఈసీజీ తీశారు, బాగానే ఉంది. హిమోగ్లోబిన్ 10.6. ఆడవాళ్లకు ఆ మాత్రం తక్కువ ఉండటం మామూలేనన్నారు, టెన్షన్ వల్ల దడ అన్నారు, రాత్రి వేసుకోమని ఆందోళన తగ్గించి నిద్రపట్టించే క్లోనజెపామ్ ఇచ్చారు. తగ్గలేదు. ఇంకో చోట ఎకో (గుండె స్కానింగ్) చేశారు, 24 గంటల పాటు గుండె లయను రికార్డు చేసే హోల్టర్ పెట్టారు. గుండెలో లోపం లేదన్నారు, గుండె వేగాన్ని తగ్గించే ప్రొప్రనొలాల్ రాశారు. కొంత నెమ్మదించింది గానీ నీరసం ఎక్కువైంది. మూడో చోట థైరాయిడ్ పరీక్ష చేశారు. థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను టీఎస్‌హెచ్ 0.12, గ్రంథి విడుదల చేసే హార్మోను ఫ్రీ టీ4 2.6. థైరాయిడ్ ఎక్కువైతే టీఎస్‌హెచ్ తగ్గుతుంది, తక్కువైతే పెరుగుతుంది. ఆ ల్యాబులో ఫ్రీ టీ4 నార్మల్ 0.9 నుంచి 1.7. చూడగానే థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందనిపించే రిపోర్టు. థైరాయిడ్‌ను అణిచే కార్బిమజోల్ 10 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. ఆరు వారాలకు మళ్లీ చేస్తే టీఎస్‌హెచ్ 0.3, ఫ్రీ టీ4 2.2. మందు చాలలేదనుకుని 20కి పెంచారు.

అయినా దడ పోలేదు. రోజురోజుకీ ఎక్కువైంది. ఆ స్థితిలో మా దగ్గరికి వచ్చారు, భర్తా తల్లీ వెంట ఉన్నారు.

వచ్చిన బాధ

“పగలంతా ఏం తెలీదు మేడం. రాత్రి పడుకుంటే చాలు, గుండెకాయ ఎగిరి దిండుకు తగలతా ఉంటాది. చెవిలో జుయ్ జుయ్‌మని శబ్దం. ఎడం పక్కకు తిరిగి పడుకునేదానికే భయంగా ఉండాది.”

గుండెదడ పేషెంట్‌ను నేను తప్పకుండా ఒక పని చేయమంటాను. దడ వచ్చినప్పుడు గుండె ఎలా కొట్టుకుంటుందో బల్ల మీద వేలితో కొట్టి చూపించమంటాను. చాలామంది సిగ్గుపడతారు, రెండోసారి అడిగితే చూపిస్తారు. నోటితో చెప్పలేని సంగతి వేలు చెబుతుంది. చాలా వేగంగా, ఒకే తీరున కొట్టి, ఉన్నట్టుండి మొదలై ఉన్నట్టుండి ఆగిపోతుందంటే ఎస్‌వీటీ లాంటి షార్ట్ సర్క్యూట్ జబ్బుల గురించి ఆలోచిస్తాను. అలాంటివాళ్లలో కొందరు దడ ఆగాక మూత్రం ఎక్కువగా పోయిందని, దడ వచ్చినప్పుడు మెడలో ఎగిరినట్టు కనిపించిందని కూడా చెబుతారు. పద్ధతీ పాడూ లేకుండా చెల్లాచెదురుగా కొడితే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ మనసులోకి వస్తుంది. మన ప్రాంతంలో కీళ్లవాతపు జ్వరం మిగిల్చిన మైట్రల్ వాల్వు జబ్బు ఇంకా కనిపిస్తూనే ఉంది, కాబట్టి అలాంటివాళ్ల గుండెను ఎడమ పక్కకు పడుకోబెట్టి మరీ శ్రద్ధగా వింటాను.

ఈమె కొట్టి చూపించింది వేరు. వరస తప్పకుండా ఉంది, మరీ వేగం కాదు, కానీ ప్రతి దెబ్బా గట్టిగా ఉంది. పాలు కాగినట్టు మెల్లగా పెరిగి మెల్లగా దిగింది. నడుమ ఒకటి రెండుసార్లు వేలు ఆగింది, ఆ వెంటనే ఒక పెద్ద దెబ్బ.

అంటే గుండె లయ సరిగ్గానే ఉంది, లయ వెనక ఏదో దాన్ని పరుగెత్తిస్తోంది. ఆ ఆగడం, పెద్ద దెబ్బ ఎక్టోపిక్ అనే ముందస్తు కొట్టుకోళ్లు. ముందస్తుగా ఒక దెబ్బ పడ్డాక చిన్న విరామం వస్తుంది. ఆ విరామంలో గుండె ఎక్కువ రక్తంతో నిండుతుంది, తర్వాతి దెబ్బ బలంగా తెలుస్తుంది. గుండె నిర్మాణం బాగున్నవాళ్లలో అప్పుడప్పుడు వచ్చే ఎక్టోపిక్స్‌కు భయపడాల్సిన పని లేదు.

పడుకున్నప్పుడే ఎందుకు తెలుస్తుందంటే, మిషను శబ్దం, పిల్లల గోల, టీవీ అన్నీ ఆగిపోయాక మనిషి ధ్యాస లోపలికి మళ్లుతుంది. ఎడమ పక్కకు తిరిగితే గుండె కొస ఛాతీ గోడకు ఇంకా దగ్గరవుతుంది. దిండుకు ఆనించిన చెవిలో రక్తం పారే శబ్దం వినబడుతుంది, రక్తం పలచబడిన వాళ్లకు మరీ ఎక్కువగా. గుండె పగలంతా ఆ పనే చేస్తూ ఉంటుంది, రాత్రికి మనకు తెలుస్తుంది. అందువల్ల పడుకుంటేనే దడ అన్న పేషెంట్‌ను నేను పగటి సంగతులు ఇంకా ఎక్కువగా అడుగుతాను. అలిపిరి మెట్ల విషయం అలా బయటపడింది. తాగునీళ్ల బిందె మోయడం మానేసి చాలా కాలమైందని, ఇప్పుడు పెద్దకొడుకే మోస్తున్నాడని తల్లి చెప్పింది.

స్పృహ తప్పడం ఎప్పుడైనా జరిగిందా, కుటుంబంలో చిన్న వయసులో ఎవరైనా ఉన్నట్టుండి చనిపోయారా, పని చేస్తుండగా ఛాతీనొప్పి వచ్చిందా అని అడిగాను. ఏదీ లేదు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ కేసు ఇంకో దారిలో నడిచేది, నేను ఆ రోజే కార్డియాలజీకి పంపేదాన్ని.

చేతికి తగిలినదీ, కాగితం మీద ఉన్నదీ

థైరాయిడ్ ఎక్కువైన మనిషి చెయ్యి పట్టుకుంటే వెచ్చగా, చెమటగా ఉంటుంది. ఈమె అరచేయి చల్లగా, పొడిగా ఉంది. చాచిన వేళ్లలో వణుకు లేదు. దాన్ని నేను పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు, ప్రొప్రనొలాల్ వణుకును దాచేస్తుంది. కానీ ఆ మందు చెయ్యలేని పనులు కొన్ని ఉన్నాయి. అది ఒంటి బరువును ఆర్నెల్లలో నాలుగు కిలోలు పెంచదు. మలబద్ధకం, చలి, ముఖం ఉబ్బు, ఈమెకు మూడూ ఉన్నాయి.

కుర్చీ మీద మోకాళ్లతో నిలబెట్టి మడమ వెనక స్నాయువు (టెండన్) మీద సుత్తితో తట్టాను. పాదం చటుక్కున కిందికి కదిలింది, కానీ తిరిగి వెనక్కి రావడానికి తీరుబడిగా సమయం తీసుకుంది. థైరాయిడ్ తక్కువైన వాళ్లలో కనిపించే తీరు అది. ఈ పరీక్షకు ఖర్చు లేదు, అర నిమిషం పట్టదు. థైరాయిడ్ పేరుతో వచ్చే ప్రతి ఒక్కరికీ చేయాలని నా అభిప్రాయం.

కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. గోళ్లు పలుచగా, నడుమ చదునుగా ఉన్నాయి. నాడి 88, అదీ ప్రొప్రనొలాల్ వాడుతుండగా. రక్తపోటు 118/64. గుండె మీద మెత్తని మర్మర్ (అదనపు శబ్దం) వినబడింది, పలచని రక్తం వేగంగా పారినప్పుడు వచ్చే రకం. మెడలో గ్రంథి పెరగలేదు, కళ్లలో మార్పు లేదు.

రిపోర్టు ఒకటి చెబుతోంది, ఒళ్లు దానికి పూర్తిగా ఎదురు చెబుతోంది. అలాంటప్పుడు నేను ఫైలంతా బల్ల మీద తేదీల వరసలో పరుస్తాను.

ముందు హోల్టర్ చూశాను. అది ప్రొప్రనొలాల్, కార్బిమజోల్ మొదలుపెట్టకముందు తీసినది. రాత్రి పదకొండున్నర ప్రాంతంలో దడ వచ్చిందని ఆమె డైరీలో రాసింది. ఆ సమయానికి రికార్డులో మామూలు సైనస్ లయే ఉంది, నిమిషానికి 96, అక్కడక్కడ ఎక్టోపిక్స్. బాధ ఉన్న నిమిషంలోనే రికార్డు దొరికింది కాబట్టి ఆ బాధకు ఎస్‌వీటీ కారణం కాదని నమ్మకంగా చెప్పొచ్చు. బాధ లేనప్పుడు తీసిన ఈసీజీ ఎంత బాగున్నా ఆ నమ్మకం ఇవ్వలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. తెల్లవారుజామున మూడు గంటలకు గుండె వేగం 64కి దిగింది. థైరాయిడ్ నిజంగా ఎక్కువైతే నిద్రలో కూడా గుండె సాధారణంగా అంతగా నెమ్మదించదు. ఈ రెండు వివరాలూ ఆ రిపోర్టు లోపలి పేజీల్లో ఉన్నాయి. మొదటి పేజీలో ‘ప్రమాదకరమైన లయ మార్పులు లేవు’ అన్న ఒక్క వాక్యమే.

ఫైలు అడుగున నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి దొరికింది. కార్బిమజోల్ పెంచిన వారంలోనే ఇంకో ల్యాబులో చేయించిన పరీక్ష. టీఎస్‌హెచ్ 7.9. “అది తప్పు రిపోర్టంట మేడం, పక్కన పెట్టేయమన్నారు” అన్నాడు భర్త.

ఒకే వారంలో ఒక ల్యాబులో 0.3, ఇంకో ల్యాబులో 7.9. థైరాయిడైటిస్‌లో (థైరాయిడ్ గ్రంథి వాపులో) హార్మోను మొదట ఎక్కువై తర్వాత తక్కువ కావడం ఉంది, కానీ ఆ మలుపుకు వారాలు పడుతుంది, రోజుల్లో జరగదు. శాంపిళ్లు తారుమారై ఉండొచ్చు, కానీ మొదటి ల్యాబు రెండుసార్లూ ఒకే మాట చెప్పింది. రెండు ల్యాబులూ తమ పద్ధతి ప్రకారం సరిగ్గానే చేసి ఉంటే? ఒక పద్ధతిని మోసం చేసి ఇంకో పద్ధతిని మోసం చేయలేని పదార్థం ఏదో రక్తంలో ఉండాలి.

అప్పుడు మందులేం వాడుతున్నావని అడగలేదు. అది అప్పటికే అడిగాను, ప్రొప్రనొలాల్, కార్బిమజోల్, రాత్రి బిళ్ల అని చెప్పింది. ఈసారి పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా నోట్లో వేసుకునేవన్నీ వరసగా చెప్పమ్మా అన్నాను. కాఫీ, టిఫిన్, ఆ తర్వాత “జుట్టు బిళ్ల”. ఆమె దృష్టిలో అది మందు కాదు, కొబ్బరినూనె లాంటిదే. భర్త ఫోన్ చేసి ఇంట్లో ఉన్న డబ్బా ఫొటో తెప్పించాడు. బయోటిన్, 10,000 మైక్రోగ్రాములు.

తల్లి ఆ వరసలోనే ఇంకో మాట అందించింది. “అన్నం సరిగ్గా తినదు గానీ బియ్యం మాత్రం బుక్కతా ఉంటాది మేడం. మిషను కాడ డబ్బా పెట్టుకోనుండాది.” కూతురు ఆమె వంక కోపంగా చూసింది. పచ్చి బియ్యం, బలపాలు, మట్టి, ఐసు తినాలనిపించడం ఇనుము బాగా తగ్గిందనడానికి పెద్ద గుర్తు. అడగకపోతే ఎవరూ చెప్పరు. నవ్వుతూ అడగాలి, తిట్టినట్టు అడిగితే ఇక ఎప్పటికీ చెప్పరు.

బయోటిన్ పరీక్షను ఎలా తప్పుదారి పట్టిస్తుంది

పెద్దవాళ్లకు రోజుకు కావలసిన బయోటిన్ దాదాపు 30 మైక్రోగ్రాములు. ఆ బిళ్లలో ఉన్నది దానికి మూడు వందల రెట్ల పైమాటే. ఒంటికి దానివల్ల పెద్దగా కీడు లేదు. చిక్కంతా ల్యాబు మిషన్‌లో.

హార్మోన్లను కొలిచే చాలా మిషన్లలో బయోటిన్ తగిలించిన యాంటీబాడీలు వాడతారు. బయోటిన్‌ను గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్ పూసిన రేణువులు వాటిని నిలిపి ఉంచుతాయి. పేషెంట్ రక్తంలోనే బయోటిన్ పొంగిపొర్లుతుంటే అది వెళ్లి ఆ స్ట్రెప్టావిడిన్‌ను ఆక్రమిస్తుంది. పట్టు దొరకని యాంటీబాడీలు కడిగినప్పుడు కొట్టుకుపోతాయి, మిషన్‌కు అందే సంకేతం తగ్గుతుంది. టీఎస్‌హెచ్ కొలిచే పద్ధతిలో సంకేతం తగ్గితే హార్మోను తక్కువని అర్థం. ఫ్రీ టీ4 పద్ధతి దీనికి తలకిందులు, అందులో సంకేతం తగ్గితే హార్మోను ఎక్కువని అర్థం. రెండు తప్పులూ కలిస్తే అచ్చం థైరాయిడ్ ఎక్కువైన మనిషి రిపోర్టు తయారవుతుంది. థైరాయిడ్‌ను అతిగా పనిచేయించే గ్రేవ్స్ జబ్బును పట్టిచ్చే టీఎస్‌హెచ్ రిసెప్టర్ యాంటీబాడీ పరీక్ష కూడా ఇదే తీరున తప్పుగా పాజిటివ్ రావచ్చు. ఈ పద్ధతి వాడని మిషన్‌లో మాత్రం అసలు అంకె వస్తుంది. మడతలు పెట్టిన కాగితంలో ఉన్నది అదే.

ఇది కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే దీని గురించి హెచ్చరించింది, 2019లో మళ్లీ గుర్తు చేసింది. ఈ మధ్య కొన్ని కంపెనీలు బయోటిన్‌ను తట్టుకునే రసాయనాలు తెచ్చాయి గానీ ఏ ల్యాబులో ఏది వాడుతున్నారో రిపోర్టు చూసి చెప్పలేం.

అనుమానాన్ని తేల్చుకోవడం

జుట్టు బిళ్ల ఆపించాను. మూడు రోజుల తర్వాత పొద్దున్నే రక్తం ఇవ్వమన్నాను, అదీ మొదట తప్పు చూపించిన ల్యాబులోనే. వేరే ల్యాబుకు పంపితే ల్యాబు తేడా ఒకటి, బయోటిన్ తేడా ఒకటి కలిసిపోయి ఏది ఎందుకొచ్చిందో తెలియదు. అదే మిషన్, అదే మనిషి, బయోటిన్ ఒక్కటే లేదు.

కార్బిమజోల్ విషయంలో కాసేపు ఆలోచించాను. నా అనుమానం తప్పైతే నాలుగు రోజులు ఆ మందు ఆపినందువల్ల ప్రమాదమేమీ రాదు, పైగా ప్రొప్రనొలాల్ కాపు కాస్తూనే ఉంటుంది. అనుమానం నిజమైతే వేసుకునే ప్రతి బిళ్లా నష్టమే. కార్బిమజోల్ అరుదుగానైనా తెల్లరక్తకణాలను ప్రమాదకరంగా పడగొట్టగలదు. కాబట్టి అదే రోజు ఆపించి, ఆ కణాల లెక్క కూడా చేయించాను. అది బాగానే ఉంది.

టీఎస్‌హెచ్ 11.8 వచ్చింది. ఫ్రీ టీ4 0.8. హిమోగ్లోబిన్ 8.4, ఎర్రరక్తకణాల సైజు చెప్పే ఎంసీవీ 69, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ 5. మూడూ తక్కువే.

ఇప్పుడు కథ ఒక వరసలోకి వచ్చింది. ముందు ఇనుము తగ్గింది. అందుకే మెట్లు ఎక్కలేకపోయింది, అందుకే జుట్టు ఊడింది. జుట్టు కోసం వేసుకున్న బిళ్ల లేని థైరాయిడ్ జబ్బును చూపించింది. ఆ జబ్బుకు ఇచ్చిన మందు బాగున్న గ్రంథిని అణిచి, నిజంగానే థైరాయిడ్ తక్కువ చేసింది. మళ్లీ పరీక్ష చేస్తే బయోటిన్ ఆ తగ్గుదలను కూడా దాచి, ఇంకా ఎక్కువగానే ఉందని చూపించింది, మందు రెట్టింపైంది. థైరాయిడ్ తక్కువైతే నెలసరి రక్తస్రావం పెరుగుతుంది. రక్తస్రావం పెరిగితే ఇనుము ఇంకా తగ్గుతుంది, ఇనుము తగ్గితే దడ పెరుగుతుంది.

నెలసరి గురించి అడిగినప్పుడు “అందరికీ ఉండేదే కదా మేడం” అని ఒక్క ముక్కలో తేల్చేసింది. భర్త టోకెన్ విషయం కనుక్కోవడానికి బయటికి వెళ్లాక, ఎక్కువా తక్కువా అని అడగడం మానేసి, రాత్రి లేచి ప్యాడ్ మార్చుకోవాల్సి వస్తుందా, గడ్డలు పడతాయా, పక్కబట్టలు పాడవుతాయని పాత చీర వేసుకుంటావా అని అడిగాను. మూడింటికీ తల ఊపింది. ఎనిమిది రోజులు అవుతుంది, మొదటి నాలుగు రోజులూ మిషను ఎక్కదు. పదేళ్లుగా అంతే. తల్లికీ అంతే, అక్కకీ అంతే. అందుకే అది జబ్బని ఎవరికీ తోచలేదు.

చేసినవి, పనిచేయనివి

ప్రొప్రనొలాల్ ఒక్కసారిగా ఆపలేదు. ఆపితే గుండె వేగం ఎగదన్నుతుంది, పేషెంట్ భయపడిపోతుంది. రెండు వారాల్లో మెల్లగా తగ్గించాను. రక్తహీనతలో గుండె వేగంగా కొట్టుకునేది ఉన్న కొద్దిపాటి హిమోగ్లోబిన్‌తోనే ఒంటికి ఆక్సిజన్ అందించడానికి. ఆ పరుగును మందుతో పట్టి ఉంచితే దడ తగ్గినట్టు కనిపిస్తుంది, నీరసం రెట్టింపవుతుంది. ఆమెకు జరిగింది అదే. క్లోనజెపామ్ జోలికి మొదట పోలేదు. అన్నీ ఒకేసారి ఆపితే, ఆ తర్వాత వచ్చే నిద్రలేమిని దడ కిందే లెక్కేసుకుంటారు. దాన్ని చివరగా, చాలా నెమ్మదిగా తగ్గించాం.

టీఎస్‌హెచ్ 11.8 ఉన్నా థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోను బిళ్ల) ఇవ్వలేదు. గ్రంథి బాగానే ఉంది, దాన్ని అణిచింది మందు. మందు పోతే అదే తేరుకుంటుందని, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి చూద్దామని నిర్ణయించాం. థైరాక్సిన్ మొదలుపెడితే ఆమె జీవితాంతం థైరాయిడ్ పేషెంట్‌గా మిగిలిపోయే ప్రమాదం ఉందని నాకనిపించింది.

ఇనుము నోటి ద్వారానే మొదలుపెట్టాం. రోజు విడిచి రోజు, ఖాళీ కడుపున ఒక బిళ్ల. ఒకసారి ఇనుము తీసుకుంటే హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి ఒక రోజంతా పేగు తలుపు మూసేస్తుంది. రోజూ రెండు పూటలా వేసుకుంటే ఒంటికి పట్టేదాని కంటే కడుపును తిప్పేదే ఎక్కువ. కాఫీ, టీలకు గంటన్నర దూరం ఉండాలన్నాం. నెల తర్వాత హిమోగ్లోబిన్ 8.7. సరిగ్గా పనిచేసి ఉంటే కనీసం ఒక గ్రాము పెరగాలి.

ఎందుకు పెరగలేదో తెలుసుకోవడానికి మిగిలిన బిళ్లలు లెక్కపెట్టాం. దాదాపు అన్నీ వేసుకుంది, వాంతి వచ్చినట్టుంటుందని చెబుతూనే వేసుకుంది. లోపం ఆమెది కాదు. ఆ నడుమ ఒక నెలసరి వచ్చింది, పేగు మెల్లగా సంపాదించింది అందులో పోయింది. ఆదాయానికి మించిన ఖర్చున్నప్పుడు బిళ్లల సంఖ్య పెంచితే వాంతులు పెరుగుతాయి తప్ప ఇంకేమీ కాదు.

రక్తం ఎక్కించమని కుటుంబం అడిగింది. నిలకడగా ఉన్న 8.7కి రక్తం ఎక్కించాల్సిన అవసరం లేదు, ఎక్కించినా ఇనుము నిల్వలు నిండవు. బరువు 56 కిలోలు, కావలసిన హిమోగ్లోబిన్ 15 అనుకుని లెక్కవేస్తే ఆమెకు దాదాపు 1,350 మిల్లీగ్రాముల ఇనుము లోటు ఉంది. ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఇనుము మందు 750 మిల్లీగ్రాముల చొప్పున వారం తేడాతో రెండుసార్లు సెలైన్‌లో ఇచ్చాం. అయ్యాక అరగంట కూర్చోబెట్టి గమనించి పంపాం.

అదే సమయంలో గైనకాలజిస్టుకు చూపించాం. స్కానింగ్‌లో గర్భసంచి కొద్దిగా ఉబ్బి ఉంది, అడినోమయోసిస్. అంటే గర్భసంచి లోపలి పొర దాని కండరంలోకి చొచ్చుకుపోవడం. “తీసేయండి మేడం, పీడ పోతాది” అని తల్లే ముందు అన్నది. ఆ తల్లికి ముప్పై రెండేళ్లకే తీసేశారట. మన జిల్లాలో ఈ మాట ఎంత తేలిగ్గా అంటారో, ఎంత తేలిగ్గా అది జరిగిపోతుందో చూస్తుంటే నాకు బాధేస్తుంది. ముందు చేయగలిగినవి చాలా ఉన్నాయి. నెలసరి రోజుల్లో రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్, ఆ తర్వాత గర్భాశయంలో అమర్చే హార్మోను పరికరం. అది ఏళ్ల పాటు పనిచేస్తుంది, రక్తస్రావాన్ని బాగా తగ్గిస్తుంది, వద్దనుకుంటే తీసేయొచ్చు. గైనకాలజిస్టు రెండుసార్లు కూర్చోబెట్టి వివరంగా చెప్పాక ఆమె పరికరానికి ఒప్పుకుంది. మొదటి కొన్ని నెలలు మచ్చలు మచ్చలుగా కనబడుతుందని ముందే చెప్పడం వల్ల అలా జరిగినప్పుడు కంగారుపడి తీయించుకోలేదు.

ఫలితం

రెండో ఇనుము సెలైన్ అయిన కొన్నాళ్లకే చెవిలో జుయ్‌మనడం తగ్గిందని చెప్పింది. బియ్యం మీద యావ దాని కంటే ముందే పోయింది. ఎనిమిది వారాలకు హిమోగ్లోబిన్ 12.1, మందులేవీ లేకుండా నాడి 74. టీఎస్‌హెచ్ 2.6, దానంతట అదే దిగింది. ఎడమ పక్కకు తిరిగి పడుకోగలుగుతోంది. అప్పుడప్పుడు ఒక దెబ్బ తప్పినట్టు ఇప్పటికీ తెలుస్తుంది. అదేమిటో తెలుసు కాబట్టి లేచి కూర్చోదు. జుట్టుకు ఇంకా సమయం పడుతుంది, నుదుటి దగ్గర కొత్త వెంట్రుకలు పొట్టిగా లేస్తున్నాయి.

ఈ కేసు తర్వాత మా దగ్గర మారినవి

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంత ఎక్కువగా ఉండటం వల్లే 10.6 అన్న అంకె మామూలుగా కనిపిస్తుంది. ఎక్కువమందికి ఉన్నంత మాత్రాన అది మామూలు కాదు. గుండెదడతో వచ్చిన ఆడమనిషిలో 12 కంటే తక్కువ కనబడితే ఇప్పుడు ఫెరిటిన్ చూడకుండా, నెలసరి గురించి ఆమెను ఒంటరిగా అడగకుండా ఫైలు మూయడం లేదు.

ఆందోళన అన్న నిర్ణయానికి రావడానికి కూడా ఒక షరతు పెట్టుకున్నాను. దడ ఉన్న నిమిషంలో తీసిన రికార్డు ఒకటైనా చేతిలో ఉండాలి. ఈమెకు ఆందోళన లేదని కాదు, ఉండింది. నెలల తరబడి గుండె దిండుకు తగులుతుంటే ఎవరికైనా ఉంటుంది. అది దడ నుంచి వచ్చింది, దడ దాని నుంచి రాలేదు.

మా పక్క ల్యాబు టెక్నీషియన్‌తో మాట్లాడాను. థైరాయిడ్ రక్తం తీసేముందు జుట్టు, గోళ్లు, చర్మం కోసం ఏమైనా బిళ్లలు, గమ్మీలు వాడుతున్నారా అని ఆయన ఇప్పుడు అడుగుతున్నారు. అవునంటే, అత్యవసరం కాకపోతే మూడు రోజులు ఆపి రమ్మని పంపేస్తున్నారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో బయోటిన్ ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది కాబట్టి వాళ్ల విషయంలో నాకు ఫోన్ చేస్తారు. ఛాతీనొప్పితో వచ్చినవాళ్లకు మూడు రోజులు ఆగే వీలు లేదు. గుండెపోటును పట్టే ట్రొపోనిన్ పరీక్ష కూడా కొన్ని మిషన్లలో ఇదే తీరున తప్పుగా తక్కువ చూపిస్తుంది. కాబట్టి అలాంటివాళ్లను ఎమర్జెన్సీకి పంపేటప్పుడు బయోటిన్ వాడుతున్నారన్న సంగతి రిఫరల్ చీటీ పైభాగాన, ఎర్ర సిరాతో రాస్తున్నాం.